ఎడం

పటాలం బస్టాపు ఎదుట రెండో అంతస్తు,
ఇనప మెట్లు, కింద ఇడ్లీ కొట్టు ఆవిరి.
పదహారేళ్ళుగా ఇక్కడ
హుక్కులు కుడతాను, కాజాలు తీస్తాను,
అంచులు మడుస్తాను.
కత్తెర మాత్రం ముట్టను.
"నాకు చేతకాదు మాస్టర్" అంటాను
తణికాచలం అడగకముందే.

చేతకాదు.
ఎంత సరిగ్గా చెబుతుందో తెలుగు.
ఏ చేత?

అన్నంలో ఎడమ చెయ్యి పెడితే
మా మునెమ్మవ్వ గరిటె కాడతో కొట్టేది.
వినకపోతే పచ్చ రిబ్బనుతో
ఆ చేతిని నడుముకి కట్టేసేది.
మూడో తరగతిలో టీచరు పలక లాక్కుని
"సొట్టాంగై" అంటే క్లాసంతా నవ్వింది.
తమిళంలో నాకు పెట్టిన మొదటి పేరు అదే.

అవ్వ పోయి ఇరవై రెండేళ్ళు.
టీచరు ఎక్కడుందో తెలీదు.
రిబ్బను ఏ పాతగుడ్డల్లో కలిసిందో.
అయినా రోజూ పొద్దున్నే
ఆ చేతిని నేనే కొంగులో చుట్టుకుంటాను.
బస్సులో కడ్డీ పట్టుకోడానికి,
సంచి మొయ్యడానికి,
నలుగురిలో చెప్పుకోని పనులకి
పిలుస్తాను.
పెరటి గుమ్మంలోంచి వచ్చిపోయే మనిషిలా
వస్తుంది, పోతుంది, ఏమీ అడగదు.

కుడిచేది కుడి.
ఎడంగా ఉంచినది ఎడమ.

అక్టోబరు ఆఖరి వాన.
సబ్‌వే మునిగింది, మాస్టర్ రాలేదు.
రేపటి పెళ్ళికి మెరూన్ పట్టు, మీటరు ముక్క,
చెడిపితే మళ్ళీ దొరకదు.
కరెంటు పోయింది.
సుద్దముక్క ఏ చేతిలోకి వచ్చిందో
నేను చూసుకోలేదు.
చూసేసరికి చంక వంపు గీసి ఉంది,
ఒక్క చెరుపు లేకుండా,
ఇన్నేళ్ళూ లోపల అదే గీత
దిద్దుకుంటూ కూర్చున్నట్టు.

భయమేసింది.
వెనకాలే ఆకలి లాంటిది ఏదో.

కత్తెర ఆ చేతికే ఇచ్చాను.
గుడ్డని నమిలింది, తెంపలేదు.
కత్తెరది కూడా కుడిచేతి కులమే.
పట్టు అంచున నూలుపోగంత గాయం.
బొటనవేలిని అరచేతివైపు లాగి
మిగతా వేళ్ళని బయటికి నెట్టి
పళ్ళు బిగించి మళ్ళీ పట్టాను.
మొదటి జానెడు వంకర.
రెండో జానెడు కొంచెం తక్కువ వంకర,
కుట్టు లోపల దాచుకోగలిగేంత.
కత్తెర నా మాట విందని చెప్పను,
పక్కన నడవడానికి ఒప్పుకుంది.

మర్నాడు మాస్టర్ జాకెట్టుని
కిటికీ వెలుగులో పట్టి చూశాడు.
"యారు కట్ పణ్ణదు?"
చెయ్యెత్తాను,
బడిలో ఎప్పుడూ ఎత్తని చెయ్యి.
ఆయన కళ్ళజోడు తుడుచుకుని
ఇంకో రెండు పట్టుముక్కలు నా బల్ల మీద పడేసి
టీ తాగడానికి దిగిపోయాడు.

సాయంత్రం పెళ్ళివాళ్ళ పెద్దావిడ వచ్చింది.
ఐదొందల నోటు చాపింది.
ఎడమ చెయ్యి పట్టాను.
ముఖం చిట్లించి నోటు వెనక్కి లాక్కుంది.

కుడిచేతిలో సూది ఉందమ్మా అనొచ్చు.
ఉంది కూడా.
అనలేదు.
చెయ్యి అలాగే చాపి నిలబడ్డాను.
కింద కొట్లో ఎవరో
ఇడ్లీ పాత్ర మూత తీశారు.