నవ్వు గుర్తులు

ప్రాంప్టర్ పుస్తకం అంచున
పెన్సిలుతో ఒక అడ్డగీత ఉంటే
ఇక్కడ జనం నవ్వుతారు, పాడేవాడు ఆగాలి.
రెండుంటే ఊపిరి పీల్చుకునేంత సేపు.
మూడుంటే
బ్యాండ్‌మాస్టరు కర్ర గాల్లోనే నిలబడిపోవాలి.

హాలిఫాక్స్‌లో చాపెల్ వెనక హాలు మాది.
తెర చాటున ఎత్తు స్టూలు మీద ముప్పై ఒక్క ఏళ్ళుగా నేను.
జనం మొహాలెలా ఉంటాయో చెప్పలేను.
దగ్గులు తెలుసు,
పిప్పరమెంటు కాగితం మెల్లగా విప్పితే
ఇంకా ఎక్కువ చప్పుడవుతుందని తెలుసు.

నాకంటే ముందు నలుగురి చేతులు మారిందీ పుస్తకం.
మొదటి పేజీలో వంకర్లు తిరిగిన సంతకం,
జబెజ్ క్రౌథర్, 1884.
లండన్‌లో ముప్పై ఎనిమిది రాత్రులాడి మూతపడింది 'తప్పు తూకం'.
పోస్టరు మీద ఎవరి పేరు పెద్దదని
రాసినాయనా బాణీ కట్టినాయనా మాటలు మానేశాక
తెరలూ తక్కెడలూ గంపగుత్తగా కొని
రైలెక్కించిందొక కంపెనీ.
అట్ట లోపల పత్రిక ముక్క అంటించాడు క్రౌథర్:
"పాటలు తీపి, కథ నీళ్ళు."
కింద తన మాట: రెండో అంకానికి ముందే వెళ్ళిపోయాడు.
ఆ బూట్ల చప్పుడు నేను విన్నాను.

కథ నీళ్ళే, కాదనను.
తూకాల ఇన్‌స్పెక్టరు కిరాణా కొట్టు వితంతువు మీద మనసు పడతాడు.
ఆమె తక్కెడ అర ఔన్సు అబద్ధమాడుతుంది.
చెబితే పిల్ల పోతుంది, చెప్పకపోతే కొలువు.
ఆఖరికి సర్కారు వారి రాయే తేలికని తేలి
అందరూ కలిసి పెళ్ళిపాట.

తపాలా మంత్రి మీద చురకకి
క్రౌథర్ మూడు గీతలు పెట్టాడు.
తర్వాతి చేయి ఒకటి చెరిపింది.
ఆ తర్వాతి చేయి నీలం పెన్సిలుతో అడిగింది
"ఎవరీ మంత్రి?"
ఇప్పుడక్కడ రబ్బరు రుద్దిన మసక.
కాగితం పలచబడి
వెనక పేజీలో దొంగల పాట కనిపిస్తుంది.

వెన్న సంగతి వేరు.
"రెండు ఔన్సుల వెన్నతో మనిషి బతికేదెలా?"
అరవై ఏళ్ళపాటు ఎవరూ పెదవి కదపని మాట.
రేషను రోజుల్లో పైకప్పు ఎగిరిపోయిందట.
ఏడు గీతలున్నాయి, లెక్కపెట్టాను.

1917 దగ్గర వేలు ఆగుతుంది.
హెస్టర్ సట్‌క్లిఫ్ చేతిరాత, సూదిమొనలా.
ఊళ్ళో టెనార్లు లేరు;
మీసాలంటించుకుని నేతమిల్లు ఆడవాళ్ళే సిపాయిలు.
"కవాతు మాది, యుద్ధం పక్కవాడిది" అని వాళ్ళ కోరస్.
ముందు వరసల్లో నీలం దుస్తుల్లో ఆసుపత్రి కుర్రాళ్ళు.
నవ్వు రాదు, ఆగొద్దు అని ముందే రాసుకుంది.
దాని మీద, ఆ రాత్రే కాబోలు:
నవ్వారు. వాళ్ళే మొదట.
గీతలు ఎన్నో తెలీదు.
పెన్సిలు మొన కాగితాన్ని చీల్చుకుపోయింది.

ఈసారి ఇన్‌స్పెక్టరు మా హారూన్.
క్రౌథర్ నాటి తక్కెడ చేయి విరిగితే
వాళ్ళ నాన్న షఫాకత్ కొట్లోంచి పాతది మోసుకొచ్చాడు,
బియ్యపు గింజ ఇంకా పళ్ళెం అంచున ఇరుక్కుని ఉంది.
మోకాళ్ళ మీద వాలి అతను,
"ఇకమీదట నీ లెక్కలు నేను చూసుకుంటాను, నా రాణీ"
అంటే ఆడవాళ్ళు రుమాళ్ళు తీసే చోటది.
గీత లేదు, ఎప్పుడూ లేదు.
మొన్న శనివారం బాల్కనీలో ఒక ఆడపిల్ల
"అమ్మో, వద్దు!" అంది పైకే.

హాలంతా విరగబడింది.
షఫాకత్ నవ్వు నాకు విడిగా వినిపించింది, సీసాలోంచి పప్పు ఒలికినట్టు.
హారూన్‌కి మాట పోయింది.
నా వైపు చూశాడు.
నేనూ నవ్వుతున్నాను,
కళ్ళనీళ్ళలో వరస దొరకలేదు.
మొదటిసారి, ముప్పై ఒక్క ఏళ్ళలో.

తర్వాత దీపాలార్పేశారు.
గీత పెట్టాలి, ఎన్ని పెట్టాలో తేలలేదు.
పెన్సిలు చెక్కుతూ కూర్చున్నాను.