నీటిగీత కింద

మార్మరిస్ వాడలో దిమ్మెల మీద ఎండుతోంది పడవ.
పేరు మెల్టెమ్.
వేసవి మధ్యాహ్నాల్లో ఉత్తరం నుంచి దిగే గాలి పేరు.
"గాలి పేరు పెట్టుకున్నదానికి గాలి మిషనెందుకు వెదాత్ ఉస్తా?"
రెండు రోజులు నా వెనకే తిరిగాడు రిఫ్కీ కెప్టెన్.
అడిగింది నేను కాదు,
జూలైలో వచ్చే అతిథులు,
సముద్రం మధ్యకొచ్చి తలుపులు మూసుకుని పడుకునేవాళ్లు.

ఇంట్లో గోడంటే గోడ.
ఇక్కడ ఏ పలకా నిలువు కాదు, ఏ మూలా మూల కాదు.
మంచం కింద అరలో పెట్టె పడుతుందంది కాగితం.
వేలెడు తక్కువైంది.
ఆ వేలెడు కోసం పొద్దంతా బోర్లా పడుకుని
పొట్టు మింగుతూ చిత్రిక పట్టాను.
అంతకుముందు అర ఖాళీ చేశాడాయన:
బూజు పట్టిన తాళ్లు, ఆలివ్ సబ్బులు,
ఎవరిదో ఒంటి చెప్పు,
ఒక పావు తగ్గిన తవ్లా బల్ల.
ముప్పై ఏళ్లు నేల మీద పరిస్తే
చిన్న సంతంత అయింది.

గొట్టం జానెడు వెడల్పు,
గొంగళిపురుగులా ముడుచుకుంటుంది, సాగుతుంది.
ప్రతి మలుపూ గాలిని కాస్త తింటుంది,
అందుకే దాన్ని తిన్నగా నడిపించాలి
తిన్నదనమే లేని చోట.
చల్లగాలి నెత్తిన దిగాలి, వేడిగాలి కాళ్ల దగ్గర వెళ్లాలి.
మా కుర్రాడు తుర్గాయ్ జాలీలు తిరగేసి బిగించాడు.
తిట్టాను. విప్పాం. మళ్లీ బిగించాం.

ఇక మిగిలింది చిల్లు.

చల్లబరిచే పెట్టెకీ దాహముంటుంది.
దాని వేడిని మోసుకుపోయేది సముద్రమే,
సముద్రం రావాలంటే నీటిగీత కింద దారి కావాలి.
పడవ బతుకంతా నీళ్లని బయట నిలబెట్టడమే కదా,
నేనేమో గుండ్రటి రంపం పట్టుకుని
లోపలికి రమ్మంటున్నాను.
"నేను టీ తాగొస్తా" అని వెళ్లిపోయాడు కెప్టెన్.
రంపం ఎరుపు కోసింది, తెలుపు కోసింది,
మళ్లీ ఎరుపు, ఎప్పటిదో బూడిదరంగు,
చివరికి పైన్ చెక్క, జిగురు వాసన ఇంకా చావలేదు.
బిళ్ల అరచేతిలో పడింది, వేడిగా.
జేబులో వేసుకున్నాను.
ఆ చిల్లులోంచి ఒక్క క్షణం
ఎదుటి పడవ నిచ్చెనా, దాని కింద పడుకున్న కుక్కా కనిపించాయి.
తర్వాత కంచు వాల్వు బిగించేశాను.

మా మార్దిన్‌లో వేసవొస్తే ఇనప మంచాలు డాబా ఎక్కేవి.
అన్నదమ్ములం నలుగురం.
తెల్లారగట్ల చలేస్తే దుప్పటి కోసం తన్నుకునేవాళ్లం.
చల్లదనానికి మేం కట్టిన ధర అంతే.

పడవ నీళ్లలోకి దిగింది.
మీట నొక్కితే పంపు గీపెట్టింది, పక్కనుంచి చుక్క లేదు.
గొట్టంలో గాలి చిక్కుకుంది.
"చెప్పానా?" అన్నాడు కెప్టెన్, "గాలే ఒప్పుకోవట్లేదు."
బిగింపు కాస్త వదులు చేశాను.
దగ్గింది, ఉమ్మింది,
నా మొహం నిండా ఉప్పు.
అప్పుడు పడవ పక్కనుంచి ధార పడింది,
పసివాడు గట్టు మీద నిలబడి పోసినట్టు.

ఆ రాత్రి కేబిన్‌లో స్వెట్టర్ వేసుకుని కూర్చున్నాడాయన.
"చల్లగానే ఉంది" అన్నాడు, నేరం ఒప్పుకున్నట్టు.
పెట్టె అడుగు పళ్లెంలోకి టిక్కు టిక్కుమని నీళ్లు,
మా ఇద్దరి ఊపిరీ చెమటా
చుక్కలై మురుగులోకి పోతున్నాయి.
కాసేపటికి దిండు చంకన పెట్టుకుని డెక్కెక్కాడు.

బిల్లులో అన్నీ రాశాను.
పెట్టె, పంపు, గొట్టం మీటర్ల లెక్కన, కూలీ.
చిల్లుకి ఏం రాయాలో తోచలేదు.
"కోసిన ముక్కేదీ?" అని అడిగాడు.
జేబులోంచి తీసిచ్చాను.
తవ్లా బల్ల తెరిచి, తగ్గిన పావు చోట నిలబెట్టాడు.
నడుమ తూటు, మిగతావాటికి నాలుగింతలు ఎత్తు.
"నడుస్తుంది" అని పాచికలు నా వైపు తోశాడు.

రెండాటలు ఓడిపోయాను.
మెల్టెమ్ వీచలేదు.