మధ్య గొంతు

ఓతియా మామ పోయిన రోజు
స్వనేతి కొండల మీద మంచు పడుతూ పడుతూ ఆగింది.
నాకు పద్నాలుగేళ్ళు.
రొట్టెలు లెక్కపెట్టే పని నాకిచ్చారు,
అరవై రెండు దాకా వచ్చి
మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.

మా ఊళ్ళో శవం లేచేముందు మగవాళ్ళు పాడతారు.
టోపీలు తీసి, చేతులు కిందికి వదిలేసి,
మూడు గొంతులు.
ఒకటి నేల, ఒకటి ఇంటికప్పు,
మూడోది ఆ రెంటి మధ్య మనుషులు మసిలే చోటు.
ఆ పాటలో మాటలుండవు.
ఓయ్, వాయ్, ఓ... అంతే.
మాటలు పుట్టకముందుదని ముసలాళ్ళంటారు.

కింది గొంతు మా నాన్న మూర్జాది.
పై గొంతు పెదనాన్న గెరాసిమ్‌ది.
ఇరవై ఏళ్ళు వాళ్ళ మధ్య నిలబడ్డ గొంతు
ఇప్పుడు పైన్ చెక్క పెట్టెలో ఉంది.

వాళ్ళిద్దరూ మాట్లాడుకుని పదకొండేళ్ళు.
గడ్డి కోసుకునే వాలులో సరిహద్దు రాయి
రెండు మూరలు జరిపారని ఒకరు,
మంచు కరిగి అదే జారిందని ఒకరు.
మాటా మాటా పెరిగి కొడవలి దాకా వెళ్ళింది.
చర్చిలో పటం మీద ఒట్టేసి
ఇద్దరూ నోళ్ళు కట్టేసుకున్నారు.
ఒకే వాకిట్లో చెరో కుక్కనీ పెంచారు.
కుక్కలు మాత్రం కలిసే పడుకునేవి.

మామ ఉన్నన్నాళ్ళూ
ఇద్దరూ ఆయన్ని వింటే సరిపోయేది.

ఇప్పుడు మధ్యలో నిలబడే మనిషి లేడు.
ఊళ్ళో గొంతులన్నీ బస్సెక్కి టిబిలిసి వెళ్ళిపోయాయి.
చివరికి ఆ బస్సు నడిపే బెసారియన్‌నే ముందుకు తోశారు.
పెళ్ళిళ్ళలో పాడతాడు. చావులో ఎప్పుడూ పాడలేదు.

నాన్న అందుకున్నాడు.
ఆ స్వరం నాకు బూట్ల అడుగునుంచి వచ్చింది.
బల్లమీద పళ్ళేలు సన్నగా వణికాయి.
పైనుంచి పెదనాన్న కలిశాడు.
ఇద్దరి మధ్యా ఒక సందు.
పన్ను ఊడిన చోట నాలుక తిరిగినట్టు
నా చెవి అక్కడక్కడే తిరిగింది.
ఆ సందులోకి బెసారియన్ వచ్చాడు,
కాస్త ఎక్కువ, కాస్త తక్కువ,
చీకట్లో మెట్టు తడిమే కాలిలా.
తప్పాడు. ఆగిపోబోయాడు.

అప్పుడు నాన్న వెంట్రుకవాసి కిందికి దిగాడు.
అది విని పెదనాన్నా దిగాడు.
ఒకరి మాట ఒకరికి పడని మనుషులు
ఒకరి ఊపిరి ఎక్కడ తెగుతుందో కనిపెట్టి
అక్కడ తమది అందిస్తున్నారు.
మాటలతో చెడ్డవాళ్ళు, మాటల్లేని చోట
వినక తప్పలేదు వాళ్ళకి,
వినకపోతే కుర్రాడు పడిపోతాడు, శవం లేవదు.
కుర్రాడికి మెట్టు దొరికింది.

నాకు ఏడుపు రాలేదు.
రొమ్ము ఎముక వెనక ఎప్పుడూ ముడుచుకుని కూచునేదేదో
కాళ్ళు చాపుకుంది.
పొద్దుట్నుంచీ మొహం రక్కుకుంటున్న ననూలి అత్త
చేతులు ఒళ్ళో పెట్టుకుని
చిన్నగా నవ్వింది.
ఆ నవ్వు చూసి భయమేసింది.
చావుపాటకి నవ్వేమిటని చాన్నాళ్ళకి అడిగాను.
"ఆ పిల్లాడు తప్పాడే,
మీ మామా అక్కడే తప్పేవాడు మొదట్లో" అంది.

ఇక్కడ ఆపితే బావుణ్ణు.
కానీ పాతిపెట్టి వచ్చాక
నాన్న ఈ దారిన, పెదనాన్న ఆ దారిన నడిచారు.
రాయి ఉన్నచోటే ఉంది. ఇప్పటికీ.

ఆ రాత్రి పొయ్యి దగ్గర
నాన్న తన వంతు ఒక్కటే కూనిరాగం తీశాడు.
ఒక్కటే వింటే అది పాటలా లేదు,
జోడు లేని కాడి కింద
ఒంటెద్దు మెడ వంచి నిలబడ్డట్టుంది.
పై గొంతు రావలసిన చోట ఆగాడు.
గోడ అవతల దీపం ఇంకా వెలుగుతోంది.
నేను గరిటె కదపకుండా పట్టుకున్నాను.

కాసేపటికి
"ఆ ఉప్పు ఇటివ్వు" అన్నాడు.

ఆ మాట కూడా
ఆ కింది స్వరంలోనే ఉంది.