నోటీస్ పీరియడ్

మొదటిసారి ఫోన్ మోగినప్పుడు
నా రెండు చేతులూ గ్లవ్స్‌లో ఉన్నాయి,
గ్లవ్స్ నిండా రొయ్యపిల్లల నీసు.
భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంటే
"హాయ్ హైమా, నేను రియాని" అంది.
అంత ముద్దుగా మా ఇంట్లోనే నన్నెవరూ పిలవరు.

హైదరాబాద్‌లో డేటా కంపెనీయట.
నా ప్రొఫైల్ అచ్చు గుద్దినట్టు సరిపోయిందట.
అందులో ఏముందో నాకే సరిగా గుర్తులేదు:
మైక్రోబయాలజీ, ఒక బంగారు పతకం,
వేసవి సెలవుల్లో నేర్చుకున్న నాలుగు ముక్కల పైథాన్.

రెండోసారి, వెంకయ్య వయ్యేరు గట్టు మీద
గాలి పోయిన స్కూటీని నెట్టుకెళ్తుంటే.
ఇంకోసారి, కరెంటు పోయి
పీసీఆర్ మిషను ఇరవై రెండో సైకిల్లో ఆగిపోయిన రాత్రి.
"మీ ఎక్స్‌పెక్టేషన్ ఎంత?"
"తెల్లారేదాకా కరెంటు."
నవ్వింది. టక టక టైపు చప్పుడు.
ఏమని రాసుకుందో.

ఆకివీడులో కింద మేత కొట్టు, పైన నా ల్యాబు.
మేత అమ్మేదీ భద్రిరాజు గారే,
సీడు తెప్పించేదీ ఆయనే,
ఆ సీడు మంచిదో కాదో
నాకు జీతమిచ్చి చెప్పించుకునేదీ ఆయనే.

గురువారం ఏసుపాదం వచ్చాడు.
ఆక్సిజన్ కవరు ఎండకి వేడెక్కకుండా
తన తలగుడ్డ తడిపి చుట్టి తెచ్చాడు.
నాలుగెకరాల కౌలు. ఏడో పంటట.
మొదటి ఆరూ ఏమయ్యాయో నేనడగలేదు.

రాత్రి పదకొండింటికి జెల్ మీద గీత వెలిగింది.
సన్నగా. వెంట్రుకంత.
తెల్లమచ్చ.

"అంత సన్నగా ఉందిగదమ్మా,
దాన్ని గీత అని ఎవడంటాడు?"
అన్నారు భద్రిరాజు గారు,
నాకూ ఒక టీ చెప్పి, ఎంతో ప్రేమగా.
"మనమంతా ఒక ఫ్యామిలీ."
రియా కూడా అదే మాటంది, ఆ కంపెనీ గురించి.
నాకున్న ఒక్క ఫ్యామిలీయే
చెల్లి పెళ్ళి నుంచి సరిగా మాట్లాడుకోవడం లేదు.
ఇంకో రెండా!

పాజిటివ్ అని రాశాను. సంతకం పెట్టాను.
స్టాంపు కోసం చూస్తే సొరుగుకి తాళం.
స్టాంపు లేనిది కాగితమే కాదు మా దగ్గర.
ఏసుపాదానికి మెట్ల మీద నోటితోనే చెప్పాను,
చెరువులో వదలొద్దని.
"డబ్బులు కట్టేశానమ్మా" అన్నాడు.
కవరు వెలుతురుకెత్తి చూశాడు.
లోపల పిల్లలు బానే ఈదుతున్నాయి.

ఏడోసారి.
"నోటీస్ పీరియడ్ ఎంతండీ?"
"మచ్చ పైకి కనిపించాక, మూడు రోజులు."

అటు మాట లేదు.
వెనక నలభై గొంతులు
ఎక్కం అప్పజెప్తున్నట్టు ఒకటే పాఠం.
తర్వాత బాగా తగ్గించి,
"మాది జువ్వలపాలెం అండి.
రియా ఆఫీసులో పెట్టిన పేరు. నా పేరు రామతులసి.
మొన్న మా బాబాయి చెరువులో కూడా..."
పక్కనెవరో వచ్చినట్టున్నారు.
గొంతు గబుక్కున మెట్లెక్కింది.
"సో హైమా! శనివారం ఇంటర్వ్యూ పెట్టమంటారా?"

వద్దనలేదు.
ఎందుకనలేదో, గొప్ప కారణమేదీ లేదు.
మూడింతల జీతం. తడవని చెప్పులు.

శనివారం తెర మీద ఒక కుర్రాడు,
వెనక గోడకి ప్లాస్టిక్ తీగ.
అన్నీ అడిగాడు, మంచివాడే.
చివర్లో "మమ్మల్నేమైనా అడగాలా?" అన్నాడు.

"మీ దగ్గర స్టాంపు
ఎవరి సొరుగులో ఉంటుందండీ?"

"మేడమ్, మీ వాయిస్ కట్ అవుతోంది."

కట్ అవలేదు.
కిందనెవరో మేత బస్తా ధబీమని దింపారు.
కాలవకవతల ఏరియేటర్లు
నీళ్ళని కొడుతూనే ఉన్నాయి.
కిటికీ రెక్క మూసి వచ్చి
మళ్ళీ అడిగాను.