భగణం

బార్న్స్లీ మార్కెట్లో మాంసం కొట్టుకీ బొత్తాల కొట్టుకీ మధ్య
ఆరడుగుల దుకాణం నాది.
శుక్రవారం పొద్దున, వాన ఇంకా గొడుగులు దిగకముందే
ఓల్డ్‌రాయిడ్ ముసలాయన వచ్చాడు
పాత డెస్క్‌టాప్‌ని గళ్ళ దుప్పట్లో చుట్టి
జ్వరం పిల్లని ఎత్తుకొచ్చినట్టు.
"లేస్తుంది, లవ్. కళ్ళు తెరవదు," అన్నాడు.
(ఈ ఊళ్ళో అందరూ అందరికీ లవ్వే.)
రోగం అంతకన్నా బాగా నేనూ చెప్పలేను.

ప్లగ్గు పెట్టాను. ఫ్యాను తిరిగింది.
పచ్చదీపం వెలిగింది.
మానిటర్ మాత్రం
తడిబట్టతో తుడిచిన పలక.

అనుమానానికీ ఓ వరస ఉంటుంది.
తాళంచెవి కనపడకపోతే ముందు మన జేబే తడుముకుంటాం కదా,
అలా మొదట తీగని, సాకెట్టుని,
నొక్కామనుకున్న మీటని.
నా తీగ తగిలించాను, నా మానిటర్ పెట్టాను.
తెర మారింది, చీకటి మారలేదు.

సొరుగులోంచి గోరంత స్పీకరు తీసి
బోర్డుకి గుచ్చి
చెవి ఒగ్గాను.

బీ...ప్. బిప్. బిప్.

ఒకటి పొడుగు, రెండు పొట్టి.
నా చూపుడువేలు దానంతటదే బల్ల మీద గీసింది:
గురువు, లఘువు, లఘువు.
నర్సీపట్నం, ఎనిమిదో తరగతి,
కోటంరాజు మాస్టారు సుద్దముక్క విసిరి నేర్పిన
భా-న-స.
భగణం!
ఈ పెట్టె ఉత్పలమాల ఎత్తుకుంది,
మొదటి గణం దగ్గరే నాలుక మడతపడి
మళ్ళీ మొదటికొస్తోంది,
మళ్ళీ మొదటికి.
తరగతి ముందు నిలబెడితే నేనూ అంతే.

తయారీవాళ్ళ పుస్తకంలో దీనికి వేరే అర్థం రాసుంది:
బొమ్మ చూపించే కార్డు ఉలకట్లేదని.

మూత తీశాను.
లోపల బూడిదరంగు దూది, మెత్తగా, నాలుగు వేళ్ళ మందం.
"పిల్లిని పెంచుతారా?"
ఆయన మొహం చిన్నబోయింది.
"పావురాల్ని. పందెం పావురాల్ని. అరవై రెండు."
గూళ్ళ పక్కనే బల్ల, బల్ల కింద ఈ పెట్టె.
ఏది ఏ ఊరినుంచి
ఎన్ని గంటల ఎన్ని నిమిషాల ఎన్ని సెకన్లకి ఇల్లు చేరిందో
పదిహేడేళ్ళ లెక్క ఇందులోనే.

అలవాటు కొద్దీ ముందు మెమరీ కడ్డీ పీకి
పెన్సిల్ రబ్బరుతో దాని బంగారు పళ్ళు తోమాను.
"బడిపిల్లల రబ్బరా?"
"మా వైపు వైద్యం. పుస్తకాల్లో దొరకదు."
తర్వాత కార్డు లాగాను.
గాడిలో, అడ్డంగా,
చిటికెనవేలి గోరంత ఈక.

ఆయన దాన్ని తీసుకుని వెలుతురుకి పెట్టి చూశాడు.
"కూనది. మొదటి ఈకలు రాల్చేటప్పటిది," అన్నాడు,
నేను స్క్రూ సైజు చెప్పినంత తేలిగ్గా.

కార్డు దిగింది. కొక్కెం టిక్కుమంది.
మీట నొక్కాను.
బిప్.
ఒకే ఒక్క లఘువు.
తెర మీద తెల్లటి అక్షరాలు బిలబిలా దిగాయి.
కింద మూలన తేదీ:
జనవరి ఒకటి, రెండువేల తొమ్మిది. అర్ధరాత్రి.

"బొత్తాం బ్యాటరీ చచ్చింది," అన్నాను,
"కరెంటు పోగానే కాలం మరిచిపోతుంది. మూడు పౌండ్లు."
ఆయన వినలేదు. కళ్ళజోడు పైకి తోసి
ఆ అంకెల మీదికి వంగాడు.

"ఆ జూలైలో ఫ్రాన్స్ నుంచి వదిలాం. కాలువ మీద మంచు పట్టింది.
నీలిది, కుడికన్ను పక్క మచ్చ.
రాలేదు."
కాసేపాగి,
"అయితే దాన్నింకా వదల్లేదన్నమాట."

పక్క కొట్టువాడు పక్కటెముకల ధర అరుస్తున్నాడు.
నా అరచేతిలో కొత్త బ్యాటరీ, చల్లగా, రూపాయి బిళ్ళంత.
పెట్టాలా వద్దా నేనడగలేదు.

ముక్కు చీదుకుని, "వేసెయ్, లవ్," అన్నాడు,
"సాయంత్రం పిట్టల్ని బుట్టలకెత్తాలి."

టైము సరిచెయ్యడానికి నా ఫోను తీయబోతే ఒప్పుకోలేదు.
ముంజేతి గడియారం చెవి దగ్గర ఓసారి ఆనించి
కళ్ళ ముందు పెట్టుకుని లెక్కపెట్టాడు.
ఐదు, నాలుగు, మూడు...
నా వేలు ఎంటర్ మీద,
ఊపిరి బిగపట్టి.