రెండో గేరు

నోరు తెరుచుకుని కూసుంది బానెట్.
ఆటోనగర్ల మూడో గల్లీ, పగటీలి రెండు,
గోర్ల కింద గ్రీజు,
చాయ్ గ్లాసు మీద నా ఏలిముద్రలే నల్లగ.

యాకూబ్ ఉస్తాద్ ఉన్నప్పుడు
కొత్త పోరడు ఎవడొచ్చినా ముందు లెక్క అడిగేటోడు:
ముంగటి జాలీకి చీలికలెన్నిరా?
ఏడు అంటే ఒక బిస్కెట్.
"లడాయిల తొమ్మిది ఉండె బేటా,
లడాయి అయినంక ఏడే మిగిలినయ్" అని
బీడీ ఆర్పేటోడు,
ఆ రెండూ ఏడ దాసిండ్రో తనకొక్కనికే తెలిసినట్టు.

రెండు దినాలల్ల బొమ్మ గీసిండ్రట. ఫౌజుకు తొందర.
తలుపులొద్దు, తాళమొద్దు,
అద్దాన్ని మడిచి బానెట్ మీద పండవెట్టాలె,
బురదల దిగవడితే నలుగురు లేపితే లేవాలె.
పేరెట్ల వచ్చిందంటే మాత్రం ఒక్కొక్కనిది ఒక్కో కత.
ఉస్తాద్ దగ్గర మూడు ఉండె,
మూడూ ఎండాకాలం ఒక తీరు, వానకాలం ఒక తీరు.

సముద్రం దాటి, పెట్టెలల్ల ముక్కలు ముక్కలుగ బొంబాయిల దిగి,
ఆడ బోల్టులు బిగిస్తే మన బండయింది.
డీజిల్ తాగుడు నేర్సింది.
అడివి సార్లను మోసింది, ఓట్ల డబ్బాలను మోసింది,
తునికాకు కట్టల మీద పిల్లలను మోసింది.
తాడ్వాయి తొవ్వల పదహారు మంది ఎక్కినంక
పదిహేడో మనిషి కోసం ఆగేది.

మడకం జోగమ్మకు నొప్పులు లేస్తె
జంపన్న వాగు సీట్ల దాకా వచ్చినా
ఫ్యాను బెల్టు ఊడవీకి దాటిచ్చిండు ఈసం బక్కయ్య.
పుట్టిన పిల్లకు జీపమ్మ అని పెడతరనుకున్నం.
ఎందుకు పెడతరు?
రమాదేవి. ఇప్పుడు ములుగుల నర్సు.

మా అమ్మకు ఇవేవీ పట్టయి.
మా అమ్మకు జీపంటే సప్పుడు.
ఊరవతల గుట్ట దిగేటప్పుడు
రెండో గేరుల మూలిగే సప్పుడు.
వినవడంగనే దీపం ఊదేది,
మా నోర్లు మూసేది,
కుక్కను సుత గుసగుసగ కసిరేది.
ఒక రాత్రి మా పెదనాయిన కొడుకు సారన్నను
ఎనక సీట్ల ఎక్కిచ్చుకున్నరు.
ఆయన సైకిలు ఇంకా మా కొట్టంల ఉంది.
ఇన్ని టైర్లకు గాలి కొట్టినోన్ని,
దానికి కొట్టలే.

మెకానిక్ నేర్చుకుంట అంటే
"లారీలు చెయ్యి కొడుకా" అన్నది. గంతే.

మొన్న హైదరాబాదు నుంచి ఒక పిలగాడు వచ్చిండు.
ఏలంపాటల కొన్న సర్కారు బండి.
గీకితే పచ్చ, పచ్చ కింద నీలం, నీలం కింద ఇంకో పచ్చ.
ఏ ఆఫీసు కాడ నిలవడ్డదో, ఎవరి ఇంటి ముంగట ఆగిందో.
ఐతారం ఐతారం దోస్తులతోని గుట్టలెక్కుతడట.
తప్పేముంది?
స్టీరింగ్ పట్టుకున్న వాని కండ్లు చూస్తె
పద్నాలుగేండ్ల నేనే కనవడ్డ.
"అన్నా, రంగు మార్చు, సీట్లు మార్చు,
సౌండ్ మాత్రం పాతదే ఉండాలె."

పంపు ఇప్పిన, నాజిళ్లు కడిగిన, టాపెట్లు సరిజేసిన.
పదమూడో దినం వచ్చింది ఆ సప్పుడు.
మంచిగ వచ్చింది, అబద్ధమెందుకు.
నవ్వొచ్చింది. అరచేతులల్ల చెమటొచ్చింది.

రాత్రి టెస్టింగ్ కని తోలుకపోయిన.
నర్సంపేట రోడ్డు, లైట్లల్ల పత్తి చేన్లు,
గుంతలొచ్చినకొద్దీ బండికి సంబురం, నాకు సంబురం.
ఇయ్యాల అద్దం మడిచేసిన,
పురుగులు పండ్లకు తగులుతున్నయి.

గుట్ట మీదికి వచ్చినంక
కింద మా ఊరి లైట్లు కనవడ్డయి.
చెయ్యి దానంతటదే రెండో గేరు మీదికి పోయింది.

ఇంజన్ బందు చేసిన.
న్యూట్రల్ల, బ్రేకు మీద కాలువెట్టి దిగిన,
టైర్ల కింద కంకర తప్ప ఏం లేదు.
సాఫు తొవ్వ వచ్చినంక దిగి భుజమానిచ్చి తోసిన,
అటు ఇటు చూసుకుంట,
దొంగతనం చేసి తెస్తున్నట్టు.

కుక్క ఒక్కపారి లేసి మల్ల పన్నది.
అమ్మ కిటికీల
బల్బు ఎలుగుతనే ఉంది.