చదివి చెప్పిన తేదీ

మనామాలో, బజారు వెనక సందులో
మా టైపింగ్ సెంటర్. ఏసీ నీళ్ళు గుమ్మం మీదే పడతాయి,
వచ్చినవాళ్ళు నెత్తి తుడుచుకుంటూ కూర్చుంటారు.
మదనపల్లె మదరసాలో దెబ్బలు తిని నేర్చిన అక్షరాలు
ఇక్కడ నాకు అన్నం పెడుతున్నాయి.

ఎల్లేశం బిస్కట్ డబ్బా తెచ్చాడు.
షట్టరింగ్ వడ్రంగి. రావాల్సింది పదకొండు నెలల జీతం.
డబ్బాలో, సీపీఆర్ కార్డు నకలు కింద,
నాలుగు మడతల అరబ్బీ కాగితం.
"గిదేందో సూడక్కా. కోర్టుల ఇచ్చిన్రు.
సంతకం పెట్టుమన్నరు, పెట్టిన."

మొదటి పంక్తి చూసి ఆగిపోయాను.
పై కోర్టు. ఆఖరి మాట. కొట్టివేత.

పోయిన వారమే ఒక వకీలు నాచేత
అరబ్బు దేశాలన్నీ కలిసి పెట్టుకుందామనుకున్న
మానవ హక్కుల కోర్టు నిబంధనలు టైపు చేయించాడు.
నా వేళ్ళకింకా గుర్తున్నాయి:
ఇంటి కోర్టుల మెట్లన్నీ ఎక్కి దిగి ఉండాలి.
అదే గోడు అలాంటి ఇంకో కోర్టుకు చెప్పుకుని ఉండకూడదు.
ఆఖరి తీర్పు తెలిసిన నాటి నుంచి ఆరు నెలలు.

తెలిసిన నాటి నుంచి.

సంతకం పెట్టిన నాడా, చదివి చెప్పిన నాడా?
ఐదు నెలలు ఈ కాగితం డబ్బాలో పడుకుంది.
గడువు కూడా దాని పక్కనే పడుకుందా?
నేను నోరు తెరిస్తే లేస్తుందా?
అతని ఆరు నెలలు నా నాలుక కింద పెట్టుకుని
సులేమానీ చాయ్ తెప్పించాను.

మెట్లన్నీ ఎక్కావా, అన్నాను.
"లేబరాఫీసు మూడంతస్తులు. లిఫ్టు కరాబు. ఎక్కిన."
ఇంకెక్కడైనా చెప్పుకున్నావా?
"కొమురెల్లి మల్లన్నకు. గది లెక్కలకొస్తదా?"
రాదనుకుంటా, అన్నాను. నవ్వాడు.
నవ్వితే పై పన్ను ఒకటి లేదు.

ఇక మిగతాదీ చెప్పాల్సి వచ్చింది.
ఆ కోర్టు తలుపు మనిషి తట్టడానికి లేదు.
రాజ్యం తట్టాలి,
లేకుంటే రాజ్యం సరేనన్న ఏదో సంఘం.
నీ రాజ్యం ఆ జాబితాలోనే లేదు.
అసలు తలుపే ఇంకా బిగించలేదు,
చాలినన్ని రాజ్యాలు ఒప్పుకోనిదే బిగించరు.

"ఏడ కడ్తరట?"
ఈ ఊళ్ళోనే అని కాగితం మీద ఉంది.

గ్లాసు కింద పెట్టాడు.
అరచేతిలో పాత మేకు మచ్చను కాసేపు రుద్దుకున్నాడు.
"కట్టేటప్పుడు చెప్పక్కా. సెంట్రింగుకు నేనే వస్త.
గీసారి పైసలు ముందుగాల."

అప్పుడు చదివాను. ఎక్కడా ఆగకుండా,
కింది ముద్ర మీద చెరిగిన అంకెలతో సహా.

ఏమీ అనలేదు. కాగితాన్ని పాత మడతల మీదే మడిచాడు.
మూడొందల ఫిల్సు బల్ల మీద పెట్టాడు, వద్దంటే వినలేదు.
రసీదు అడిగాడు.

"చదివి చెప్పినందుకు" అని రాసి
తేదీ వేశాను.
టైము కూడా ఎయ్యక్కా, అన్నాడు.